ముప్పై ఒక్క గంట్లు

సముద్ర సర్వే క్యాంపు, గుజరాత్ తీరం
జనవరి 7, 2025

వైకుంఠం మామకు మేనకోడలు స్రవ్య నమస్కారాలు.

ఫోన్ చేస్తే రెండు మాటలు మాట్లాడి, "ఉత్తరం రాయవే" అని పెట్టేస్తావు. ముప్పై నాలుగేళ్ళు రైల్వే మెయిల్ సర్వీసులో ఊరందరి ఉత్తరాలూ గూళ్ళలోకి విసిరిన మనిషివి, నీ పేరు మీద ఒక్కటీ రాలేదన్న బాధ నాకిప్పటికి అర్థమైంది. ఇదిగో రాస్తున్నాను. సర్వీసులో లాగా చిరునామా చూసి పక్కన పడేయకుండా లోపల కూడా చదువు.

నా పని ఏమిటని అడిగావు. "నడి సముద్రంల బొమ్మలు గీసుడేంది, చేపలకు పెండ్లి సంబంధాలు చూస్తున్నవా?" అన్నావు. నవ్వడం అయిపోతే విను. ఇరవై వేల ఏళ్ళ కిందట సముద్రం ఇప్పటికంటే వంద మీటర్లకు పైగా కిందికి ఉండేది. ఇప్పుడు మా పడవ తేలుతున్న చోట గడ్డి, చెట్లు, ఒక చిన్న నది. ఆ ఒడ్డున మనుషులూ తిరిగే ఉంటారు. రాజులూ కోటలూ కాదు, వేటాడుకుంటూ, గింజలు ఏరుకుంటూ బతికే మామూలు జనం. మంచు కరిగి నీళ్ళు పెరిగి, ఓ తొమ్మిది వేల ఏళ్ళ కిందట ఈ చోటును సముద్రం కప్పేసింది. ఆ మునిగిన నేలను వెతకడమే మా పని. పొడుగాటి గొట్టం దింపి అడుగు బురద తీస్తాం. ఇనుప దోసిలిలాంటి యంత్రంతో రాళ్ళూ రప్పలూ పైకి తెస్తాం. వచ్చిన ప్రతిదాన్నీ నేను కొలిచి, ఉన్నంత సైజులో గీసి, కింద సంతకం పెట్టాలి. సంతకం పెట్టానంటే ఉన్నది ఉన్నట్టు గీశానని అర్థం. నా ఉద్యోగం మొత్తం ఆ సంతకమే అనుకో. మార్చి ముప్పై ఒకటితో కాంట్రాక్టు అయిపోతుంది. రిపోర్టు బాగా వెళ్తే పర్మనెంటు చేస్తామని మా డైరెక్టర్ సీతారాం సార్ మాటిచ్చారు.

పోయిన వారం అడుగు ఇసుక మీద ఒక గుండ్రటి రాయి దొరికింది. జానెడున్నర వెడల్పు, ఒక అంచు విరిగింది, నడుమ ఒక పెద్ద బెజ్జం, అంచు దగ్గర ఒక చిన్న బెజ్జం, నడుమ నుంచి అంచుదాకా గీతలు. మీదంతా గవ్వ పురుగులు పట్టి ఉంది. సీతారాం సార్ మన హైదరాబాదు మనిషే, కాకపోతే పిండి సంచిలోనే పుడుతుందనుకునే ఇంట్లో పెరిగారు. రాయి చూడగానే చిన్నపిల్లాడిలా గంతులేశారు. "అరే స్రవ్యా, సత్తాయీస్! సత్తాయీస్ గీతలు, సత్తాయీస్ నక్షత్రాలు! సమజైందా?" ఇరవై ఏడు గీతలు ఇరవై ఏడు నక్షత్రాలట, నడుమ బెజ్జం సూర్యుడట, చిన్నది ధ్రువ నక్షత్రమట, మొత్తం కలిపి తొమ్మిది వేల ఏళ్ళ నాటి సూర్య పంచాంగమట. ఎలా తెలిసిందని అడిగితే, "ఈ జాగా మునిగి తొమ్మిది వేల ఏళ్ళు. రాయి ఈ జాగాల దొరికింది. ఇంకేం గావాలె?" అన్నారు. ఆ దోసిలిలోనే ఒక హవాయి చెప్పు కూడా వచ్చింది. దాని వయసెంతో సార్ చెప్పలేదు.

బొమ్మ జిరాక్సు మడిచి ఇందులో పెట్టాను. వెనక వైపున్న చిన్న రాయిని పట్టించుకోకు. అది అడుగున నల్ల బురదలో ఇరుక్కుని బురదతో సహా వచ్చింది. బెజ్జాల్లేవు, గీతల్లేవు అని సార్ తీసి పక్కన పడేసి, ఇప్పుడు తన గది తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నారు. చేయి ఊరుకోక గీశాను.

బొమ్మ అమ్మమ్మకు తప్పకుండా చూపించు. ఏమందో రాయి.

నీ కోడలు
స్రవ్య

*

ఉప్పుగూడ, హైదరాబాద్
జనవరి 22

చిరంజీవి స్రవ్యకు వైకుంఠం మామ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అక్కడ నువ్వు తడవకుండా క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం పదకొండు రోజులు ఊరేగి చేరింది. తప్పు శాఖది కాదు, నీది. పిన్‌కోడులో సున్నాలు ఆరుల్లా రాస్తే ఉత్తరం దేశమంతా తిరిగి రాక ఏం చేస్తుంది? మా సెక్షన్లో ఇలాంటి వాటిని "తీర్థయాత్ర కవర్లు" అనేవాళ్ళం. మన పోస్ట్‌మన్ జోయెల్ దాన్ని చేతిలో పెడుతూ, "అన్నా, మీకు సొంత ఉత్తరం!" అని సైకిల్ దిగి మరీ ఇచ్చాడు.

అసలు సంగతికి వస్తాను. నీ ప్రతిభను ఒక్క ఉప్పుగూడకే పరిమితం చేయడం నాకు నచ్చలేదు. మాదన్నపేట కూరగాయల మార్కెట్ ముందర పదడుగుల ఫ్లెక్సీ కట్టించాను. "సముద్ర గర్భంలో తొమ్మిది వేల ఏళ్ళ మహానగరాన్ని కనుగొన్న పాతబస్తీ ఆడబిడ్డ డాక్టర్ స్రవ్యకు అభినందనలు." నువ్వు డాక్టర్‌వి కాదని నాకు తెలుసు. ఫ్లెక్సీ వాడే, "అన్నా, బార్డర్ తోని డాక్టర్ ఫ్రీ" అన్నాడు. పైన మన బస్తీ లీడరు పెద్దాయన ఫోటో, పక్కన పెద్దాయన తమ్ముడు, కింద తమ్ముడి కొడుకు (ఆ వారమే వాడి పుట్టినరోజు), వాళ్ళ కింద దండం పెడుతూ నేను. నువ్వు కుడి మూలన ఉన్నావు. తపాలా బిళ్ళంత సైజు. నాకైతే బాగా నచ్చింది, మా శాఖకు తగ్గట్టుంది.

ఉగాది నాడు బస్తీ కమ్యూనిటీ హాల్లో సభ. నువ్వు రాలేవు కనుక నీ తరఫున నాకు శాలువా. ఉపన్యాసం రాసుకుంటున్నాను. "నీళ్ళలో మునిగిన నగరం, నిప్పులా వెలిగిన మేనకోడలు" అని మొదలవుతుంది. పంచాంగం రాయి దొరికిందంటే దాని పక్కన గుడి ఉండాలి, గుడి పక్కన రాజవీధి ఉండాలి. కొంచెం అటూ ఇటూ తవ్వి చూడండి. బురద కోసం అంత దూరం ఎందుకు, వానాకాలం మా గల్లీకి రా, మూరెడు లోతు ఫ్రీ.

మీ అమ్మమ్మకు బొమ్మ చూపించడం ఇంకా కుదరలేదు. కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమెకు చూపు సరిగ్గా ఆనడం లేదు.

ఇట్లు
వైకుంఠం
(రిటైర్డ్ సార్టింగ్ అసిస్టెంట్)

*

సముద్ర సర్వే క్యాంపు
ఫిబ్రవరి 9

మామకు,

నమస్కారం ఈసారి సగమే. మిగతా సగం ఫ్లెక్సీ దించాక.

నగరం ఎక్కడిది మామా? నా ఉత్తరంలో ఎక్కడైనా నగరం అనే మాట ఉందా? "రాజులూ కోటలూ కాదు" అని తెలుగులోనే రాశాను కదా! నువ్వు నిజంగానే చిరునామా ఒక్కటే చదువుతావు. తొమ్మిది వేల ఏళ్ళుగా సముద్రం ముంచినవాళ్ళను నువ్వు ఒక్క రోజులో మార్కెట్ ముందర ఆరేశావు. పైగా నన్ను డాక్టర్‌ను చేశావు. రేపు ఎవరైనా జ్వరమని అమ్మమ్మ దగ్గరికి వస్తే సూది నువ్వే వేసుకో.

నాకు దొరికింది బురద. నవ్వకు, అది చూస్తే నాకు కళ్ళు చెమర్చాయి. గొట్టం నిలువునా చీల్చితే పైన సముద్రపు ఇసుక, గవ్వలు. దాని కింద నల్లటి మెత్తటి మన్ను, అందులో గోరంత నత్తగుల్లలు. అవి ఉప్పు నీళ్ళవి కావు, నది ఒడ్డున తీపి నీళ్ళలో బతికేవి. వాటి పక్కనే బొగ్గు నలుసులు. ఎవరో అక్కడ పొయ్యి రాజేసి ఉండవచ్చు, ఉత్తినే గడ్డి తగలబడి ఉండవచ్చు. ల్యాబ్ చెప్పేదాకా ఏదీ అనకూడదు. అయినా నేను ఆ నలుసును భూతద్దం కింద చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. దాన్ని చూపిస్తే సీతారాం సార్, "బురద టీవీల గనిపిస్తదా అమ్మా?" అని రాయి దగ్గరికి పోయారు. టీవీ వాళ్ళు నిన్న వచ్చి వెళ్ళారు. సార్ రాయిని ఎర్రటి మఖమల్ గుడ్డ మీద పెట్టి, నాలుగుసార్లు నడిచి వచ్చి నాలుగుసార్లు ఆశ్చర్యపోయారు. మూడోసారి ఆశ్చర్యం బాగా వచ్చిందట, దాన్నే వేశారు.

ఒక్క మాట అడుగుతున్నాను, దీనికి మాత్రం సూటిగా జవాబు రాయి. ఆ ధ్రువ నక్షత్రం బెజ్జంలో నేను వేలు పెట్టి చూశాను. లోపల ఒక పక్క నున్నగా అరిగి ఉంది. అమ్మమ్మ లాల్ దర్వాజా నుంచి శాలిబండ దాకా గల్లీ గల్లీ తిరిగి యాభై ఏళ్ళు పిండి విసిరే ఇసుర్రాళ్ళకు ఉలితో గంట్లు కొట్టింది. ఆమెకు చూపు ఆనకపోతే బొమ్మ మీద చేయి పెట్టించు. ఏమంటుందో అదే రాయి, నీ సొంతం కలపకుండా.

గీతల సంగతి ఒకటి నీతో చెప్పుకోవాలి. ఇప్పుడు కాదు.

స్రవ్య

*

ఉప్పుగూడ
ఫిబ్రవరి 25

చి. స్రవ్యకు ఆశీస్సులు.

నీ కోపం ఉత్తరం అందింది. కోపంలో కూడా పిన్‌కోడు సరిగ్గా రాశావు, సంతోషం.

సభ ఏర్పాట్లు జోరుగా సాగుతున్నాయి. శాలువా రంగు మీద రెండు రోజులు లొల్లి అయింది. చివరికి సముద్రం కనుక నీలం అని తీర్మానించాం. పెద్దాయన తమ్ముడు ముఖ్య అతిథి. ఆయన గంటన్నర ఆలస్యంగా వస్తాడు కనుక నా ఉపన్యాసం గంటన్నరకు పెంచాను. ఇప్పుడు మార్కెట్‌కు వెళ్తే టమాటాలమ్మే ఆమె కూడా, "సముద్రమోళ్ళ మామ వచ్చిండు" అని రెండు కాయలు ఎక్కువేస్తోంది. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నాకు ఒక్క కాయ కూడా ఎవరూ ఎక్కువ వేయలేదు.

బెజ్జం గురించి అడిగావు. ధ్రువ నక్షత్రమని సార్ అంటే ధ్రువ నక్షత్రమే. అంత చదువుకున్నవాళ్ళతో మనకు వాదనెందుకు? రోట్లో తల పెట్టి రోకటి పోటుకు భయపడితే ఎలా? సంతకం పెట్టు, పర్మనెంటు కా. తర్వాత తీరిగ్గా బురద చూసుకోవచ్చు.

అమ్మకు ఒంట్లో బాగానే ఉంది. ఈ మధ్య ఒక్కతే కూర్చుని నవ్వుకుంటోంది. వయసు మీద పడింది కదా. ఎనభై రెండేళ్ళ మనిషిని బొమ్మల మీద చేతులు పెట్టమని ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు.

ఎండలు ముదురుతున్నాయి. మంచినీళ్ళు తాగుతూ ఉండు.

వైకుంఠం

*

సముద్ర సర్వే క్యాంపు
మార్చి 8

మామకు,

ఇక వేళాకోళం చేసే ఓపిక లేదు. నేను తప్పు చేశాను.

ఆ రాయి మీద గీతలు ఇరవై ఏడు కావు, ముప్పై ఒకటి. మొదటి రోజే లెక్కపెట్టాను. సార్‌కు చెబితే ఆయన మూడుసార్లు లెక్కపెట్టారు, మూడుసార్లూ ముప్పై ఒకటే వచ్చింది. అప్పుడు గడ్డం గోక్కుని, "ఈ నాలుగు మనిషి గీసినవి గావు, సముద్రం గీసింది. తీసెయ్" అన్నారు. పెన్సిల్ గీతలే కదా అని నాలుగూ రబ్బరుతో తుడిచేశాను. నీకు పంపిన బొమ్మ అదే. సముద్రానికి లెక్కలు రావు, నాకొచ్చు. అయినా తుడిచాను.

ఇంకో నిజం. అది ఇసుర్రాయేమో అని నాకు చూసిన రోజే అనుమానం. అమ్మమ్మ పక్కన కూర్చుని రాతిపొడి మొహాన పడుతుంటే పెరిగినదాన్ని, నాకు రాకుండా ఉంటుందా? కానీ మా క్యాంపులో పెద్ద చదువుల వాళ్ళు పదకొండు మంది. ఎవరూ మాట్లాడలేదు. వాళ్ళ ముందు "మా ఇంట్లో ఇలాంటివి ఉండేవి" అనడానికి సిగ్గేసింది. అమ్మమ్మ నోటితో వస్తే నాకు ధైర్యం వస్తుందని బొమ్మ నీకు పంపాను.

ఈ నెల ఇరవై ఎనిమిదిన సిరా బొమ్మ కింద సంతకం పెట్టాలి. పెడితే పర్మనెంటు. ఆ తర్వాత నేను గీసే ఏ బొమ్మనైనా నేనే నమ్మను. పెట్టకపోతే సంచి సర్దుకోవాలి. ఈ పనిని నేనెంత ఇష్టపడ్డానో నీకు తెలుసు.

ముప్పై నాలుగేళ్ళలో ఒక్క ఉత్తరం కూడా నీ చేతిలో ఆగలేదని పెళ్ళిళ్ళలో కూడా చెబుతావు. మరి నేనడిగిన ఒక్క మాటకు జవాబు ఎక్కడ ఆగింది మామా?

స్రవ్య

*

ఉప్పుగూడ
మార్చి 17 (స్పీడ్ పోస్టు)

స్రవ్యకు,

ఈ ఉత్తరం నేను రాయడం లేదు. మీ అమ్మమ్మ రాయిస్తోంది. ఎదురుగా పీట వేసుకుని, ఉలి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఉలి ఎందుకని అడిగితే, "నువ్వు పక్కకు పోకుండ" అంది.

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను శాలువా కొనడానికి వెళ్ళాను. అమ్మ జోయెల్‌ను కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, నీ పాత ఉత్తరాలతో సహా మొత్తం చదివించుకుంది. నేను నీలం శాలువాతో ఇంట్లోకి వచ్చేసరికి ఇద్దరూ నా వైపు చూస్తూ ఉన్నారు. జోయెల్ చాయ్ గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళాడు. అంతకంటే తిడితే బాగుండేది. ఇక అమ్మ మాటలు, ఉన్నవి ఉన్నట్టు.

"బిడ్డా స్రవ్యా, నేను మీ అమ్మమ్మ బాలమ్మను. మొదలు వీని సంగతి చెప్తా, రాయరా. నీ బొమ్మ వచ్చిన దినమే వీడు నాకు చూపిచ్చిండు. నేను చూసి మస్తు నవ్విన. గిదేం పంచాంగం, గిది ఇసుర్రాయి మీది పెంక అని చెప్పిన. పిల్లకు జల్ది రాయరా అన్న. రాస్త, రాస్త అన్నడు. ఫ్లెక్సీ కట్టిచ్చుకున్నడు. నాకు చూపు ఆనుతలేదని రాసిండంట. నాకు సూదిల దారం పెట్టేటంత చూపున్నది. చూపు లేంది వీనికి.

"ఇగ రాయి సంగతి. అంచుకున్న బెజ్జం చుక్క గాదు, కట్టె పిడి దిగ్గొట్టే బెజ్జం. తిప్పంగ తిప్పంగ ఒక దిక్కే అరుగుతది. నడిమి బెజ్జం గింజలు పోసేది. నీ బొమ్మల దాని అంచుకు ఒక దిక్కు లొట్ట గీసినవు సూడు, అది తాడు ఒరుసుకున్న లొట్ట. పెంక పలిగితే పారేస్తరు, పడవలోళ్ళు ఏరుకపోయి తాడు గట్టి లంగరేసుకుంటరు. తాడు తెగింటది, పడింటది. గా సార్‌ను ఆయన తల్లి దగ్గరికి పొమ్మను, ఆమె చెప్తది.

"గంట్లు నేను బొటనవేలు ఎడం పెట్టి కొడుత. ఎవరు కొట్టినా గంతే ఎడం ఉంటది, లేకుంటే పిండి సమంగ రాదు. నీ బొమ్మ మీద వేలు పెట్టుకుంట పోయిన. నాలుగు జాగల ఖాళీ తాకింది. గీ నాలుగు ఎవరు మింగిన్రు అని వీన్ని గప్పుడే అడిగిన. నువ్వు మింగినవని నేను అనుకోలే బిడ్డా. సార్ సత్తాయీస్ అంటున్నడా? ఏ రాయికి ఎన్ని గంట్లో రాయి సైజే చెప్తది, నక్షత్రాలు చెప్పయి. ఒక్కోపారి చాయ్ వస్తే ఆడికే ఆపుతం.

"ఇంకొకటి. బొమ్మ ఎన్కకు చిన్న రాయి గీసినవు గద. వీడు అది చూడనే లేదు. దాన్ని తిప్పి చూడు. ఒక మొకం నా మడిమె లెక్క నున్నగుంటే, అది నూరుడు రాయి. తిప్పే ఇసుర్రాళ్ళు రాకముందు ఆడోళ్ళు కింద బండ మీద గింజలు పోసి, గసొంటి దాన్ని ముందుకు ఎన్కకు తోసి నూరేటోళ్ళంట. మా అత్త పసుపు గట్లనే నూరేది. ఎంత పాతదో నాకెర్క లేదు. నీకెర్క లేకుంటే నువ్వు గూడ చెప్పకు. నౌకరీ సంగతి నీ ఇష్టం. నేను యాభై ఏండ్లు చేసిన, కొట్టని గంటుకు ఎన్నడు పైస అడగలే, కొట్టిన గంటును ఎన్నడు లేదనలే."

అమ్మ మాటలు ఇక్కడికి అయిపోయాయి. కింద నా మాట కూడా రాయమంది. ఇంతసేపూ కలం ఆగలేదు, ఇక్కడ ఆగుతోంది.

నన్ను జీవితంలో ఎవరూ స్టేజీ ఎక్కమని పిలవలేదు స్రవ్యా. గూళ్ళ ముందు నిలబడి ముప్పై నాలుగేళ్ళు ఎవరెవరి శుభవార్తలో సర్దాను. ఒక్కసారి నా పేరు మైకులో వినాలనిపించింది. దానికోసం ఒకే ఒక్క ఉత్తరాన్ని ఆపాను, అది నీదైంది. సిగ్గుగా ఉంది.

వైకుంఠం

*

సముద్ర సర్వే క్యాంపు
మార్చి 29

మామకూ అమ్మమ్మకూ నమస్కారాలు. ఈసారి నిండుగానే.

స్పీడ్ పోస్టు ఇరవై ఒకటిన చేరింది. మీ శాఖ పరువు దక్కింది.

చదవగానే సీతారాం సార్ గదికి పోయి తలుపు దగ్గర వంగి ఆ చిన్న రాయిని తీశాను. తిప్పితే ఒక మొహం నిజంగానే నున్నగా ఉంది. పక్క సందుల్లో ఆ నల్ల బురద ఇంకా ఎండి అంటుకుని ఉంది, నత్తగుల్లలతో సహా. నేను రాయి తీసిన క్షణం నుంచి తలుపు గాలికి కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"ఏయ్, తలుపు!" అన్నారు సార్.

"సార్, ఇది నూరుడు రాయి. నది బురదలోంచి వచ్చింది. రిజిస్టర్లో ఎక్కించాలి."

"గది రాయి కాదమ్మా, స్టాపర్!" తలుపు ధన్‌మని కొట్టుకుంది. "మరి పంచాంగం బొమ్మ ఎక్కడిదాకా వచ్చింది?"

"అది ఇసుర్రాయి సార్. మా అమ్మమ్మ చెప్పింది."

"మీ అమ్మమ్మ ఏ యూనివర్సిటీ?" మళ్ళీ ధన్.

"లాల్ దర్వాజా సార్."

ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. తలుపు మాత్రం ఆపకుండా కొట్టుకుంటూనే ఉంది. నేను రాయిని ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చున్నాను.

ఆ సాయంత్రమే చిన్న రాయిని రిజిస్టర్లో ఎక్కించి, ఏ బురదలో ఎంత లోతున దొరికిందో రాశాను. ఒకసారి నంబరు పడితే దాన్ని ఎవరూ తలుపుకు పెట్టలేరు. బురద గొట్టంతో పాటు అదీ ల్యాబ్‌కు పోవాల్సిందే, నిన్న పెట్టెలో పోయింది కూడా. ఏళ్ళ సంగతి వాళ్ళు చెబుతారు. అప్పటిదాకా నేను ఒక్క అంకె కూడా అనను, ముఖ్యంగా నీతో.

నిన్న ఇరవై ఎనిమిది. గుండ్రటి రాయి బొమ్మ మళ్ళీ గీసి పెట్టాను. ముప్పై ఒక్క గంట్లు. పిడి బెజ్జం దగ్గర "పిడి బెజ్జం" అని, తాడు లొట్ట దగ్గర "లంగరు తాడు ఒరిపిడి" అని రాసి, కింద సంతకం పెట్టాను. సార్ దాన్ని చాలాసేపు చూశారు. ఆయనకు అర్థమైందని నాకు తెలిసింది, అదే నాకు ఎక్కువ బాధ. "టీవీల వచ్చేసింది గద తల్లీ" అన్నారు, మెల్లగా. నా బొమ్మను సొరుగులో పెట్టి, పాత ఇరవై ఏడు గీతల బొమ్మను సంతకం లేకుండానే రిపోర్టుకు పంపారు. నా కాంట్రాక్టు పొడిగించలేదు. బొమ్మలన్నీ అప్పగించడానికి ఏప్రిల్ పదిహేను దాకా ఉండమన్నారు.

ఏడ్చాను మామా, అబద్ధం ఎందుకు? ఆ బురద వాసన ఇక ఉండదంటే ఏడుపొచ్చింది.

చిన్న రాయి సిరా బొమ్మ జిరాక్సు ఇందులో పెట్టాను. ఉన్నంత సైజు, ఏమీ తుడవలేదు. సంతకం ఉంది. నేను ఇక్కడ చేసిన చివరి పని అదే. అమ్మమ్మకు చూపించి ఏమందో రాయి. ఈసారైనా.

స్రవ్య

*

ఉప్పుగూడ
ఏప్రిల్ 5

నా తల్లి స్రవ్యకు,

నీ ఉత్తరం ఇప్పుడే, పదిన్నరకు వచ్చింది. పదకొండున్నరకు జవాబు రాస్తున్నాను, గమనించు.

ముందు సభ ముచ్చట. ఉగాది నాడు హాలు నిండింది. పెద్దాయన తమ్ముడు రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. నన్ను పిలిచారు. గంటన్నర ఉపన్యాసం జేబులోనే ఉంచి మైకు ముందు నిలబడి, "నగరం లేదు, పంచాంగం లేదు. అది ఇసుర్రాయి. నా కోడలికి నిజం తెల్వనియ్యకుండ రెండు నెలలు దాచిన. తప్పు నాది" అన్నాను. చెమటలు కారాయి. చప్పట్లు కొట్టారు మామూలుగా కాదు! పెద్దాయన తమ్ముడు లేచి, "ఇంత పెద్ద నగరాన్ని కనుక్కొని గూడ ఇంత వినయం!" అని నాకు శాలువా కప్పాడు. అబద్ధానికైనా నిజానికైనా ఇక్కడ ఒకటే శాలువా అని నాకప్పుడు తెలిసింది. అది ఇప్పుడు అమ్మ బియ్యం డబ్బా మీద ఉంది.

ఫ్లెక్సీ దించుదామని పోతే మార్కెట్లో అడ్డుకున్నారు. పెద్దాయన ఫోటో ఉన్నదాన్ని ముట్టుకుంటే ఊరుకోరట. ఇంటికొచ్చి అమ్మకు చెబితే, "వాళ్ళ మొకాలు వాళ్ళకే ఉండనీయ్. మన పిల్లను తీస్కరా" అంది. జోయెల్ నిచ్చెన ఎక్కి, నీ ఫోటో ఒక్కటి బ్లేడుతో కోసి తెచ్చాడు. ఇప్పుడు ఆ మూలన చదరపు బెజ్జం ఉంది. గాలి పోవడానికి పెట్టారని జనం అనుకుంటున్నారు. నీ ఫోటోను అమ్మ తన ఉలి, సుత్తె దాచుకునే రేకు డబ్బాలో పెట్టుకుంది.

ఇక నువ్వు అడిగింది. బొమ్మ తీసి అమ్మ ముందు పరిచాను. ఆమె కళ్ళజోడు పెట్టుకోలేదు. కాగితం మీద అరచేయి ఆనించి, వేళ్ళు ఒక్కొక్కటే దించి, కొంచెం ముందుకీ వెనక్కీ కదిపింది. తర్వాత నవ్వింది. ఇన్నాళ్ళూ నవ్విన నవ్వు కాదు అది.

"నా చెయ్యి సరిగ్గ కూసున్నది రా. గామె ఎవ్వతో గాని, నా లెక్కనే పొట్టిదున్నట్టుంది" అంది. కాగితం మీంచి చేయి తీయకుండానే మళ్ళీ, "గీ బొమ్మల ఏది తక్కువ గాలే. బిడ్డ సరిగ్గ గీసింది. వచ్చెయ్యమను" అంది.

ఇదే నీకు జవాబు. నేనేమీ కలపలేదు, ఏమీ తీయలేదు. డబ్బాలో ఉత్తరాలు తీసేది పన్నెండింటికి, ఇప్పుడే పోయి వేసి వస్తాను.

నీ మామ
వైకుంఠం